సైడ్ రెయిల్స్ ఎత్తే ఉన్నా పేషెంట్ పడిపోయారు. నైట్ డ్యూటీలో ఇంకేం చూసుకోవాలి?

ప్రశ్న:
నమస్తే. మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ చేస్తున్నాను. మొన్న తెల్లవారుజామున ఒక పెద్దాయన మంచం దిగబోయి పడిపోయారు. రెండు వైపులా రెయిల్స్ ఎత్తే ఉన్నాయి, బెల్ చేతికి అందేలానే ఉంది. అయినా రెయిల్ మీదుగా కాలు వేశారు. అదృష్టం బాగుండి ఎముకలేవీ విరగలేదు. అప్పటినుంచి డ్యూటీకి వెళ్తుంటేనే టెన్షన్‌గా ఉంటోంది. సీనియర్లు సలహా ఇవ్వండి.

జవాబు:
సిస్టర్, ఆయన ఎందుకు లేచారో కనుక్కున్నారా? వార్డులో చాలామంది పడేది బాత్రూమ్‌కు వెళ్తూనో, వస్తూనో. ముందు అక్కడ చూడండి.

తికమకలో ఉన్న మనిషిని రెయిల్స్ ఆపలేవు. పైకెక్కి దిగబోతారు, ఇంకా ఎత్తు నుంచి పడి దెబ్బ పెద్దదవుతుంది. అలాంటివాళ్ళకు మంచం పూర్తిగా కిందికి దించి బ్రేకులు వేయండి. రెయిల్స్ ఎన్ని ఎత్తాలన్నది పేషెంట్‌ను బట్టి ఇన్‌చార్జ్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ఇక బెల్. సిస్టర్‌ను ఇబ్బంది పెట్టడం ఎందుకని పెద్దవాళ్ళు నొక్కరు. అందుకే వాళ్ళు పిలిచేదాకా ఆగకూడదు. పడుకునే ముందు ఒకసారి, రాత్రి రౌండ్లలో మెలకువగా కనబడినప్పుడల్లా, తెల్లవారుజామున మళ్ళీ మీరే వెళ్ళి “బాత్రూమ్‌కు వెళ్దాం రండి పెద్దాయనా, నేనూ వస్తాను” అనండి. “అవసరమైతే పిలవండి” అంటే పిలవరు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు రెండో డోసు సాయంత్రం పొద్దుపోయాక పడుతుంటే, ముందుకు జరపొచ్చేమో డాక్టర్‌ను అడగండి. రాత్రి లేవడం తగ్గుతుంది.

లేపేటప్పుడు తొందర వద్దు. మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కళ్ళు తిరుగుతున్నాయా అని అడగండి. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా మళ్ళీ పడుకోబెట్టండి. అనుమానం ఉన్నవాళ్ళకు పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్‌కు చెప్పాల్సిందే. బీపీ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళలో ఇది ఎక్కువ. బాత్రూమ్‌లో వదిలేసి మాత్రం రావద్దు. సిగ్గుపడతారనుకుంటే తలుపు దగ్గరగా వేసి బయటే నిలబడండి.

మరో జవాబు:
అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పేషెంట్ పడిపోయే ప్రమాదం ఎంతో పాయింట్లు వేసి చూసే మోర్స్ స్కేల్ వాడుతుంటే, మొత్తం మాత్రమే చూడకండి. 45 గానీ అంతకు మించి గానీ వస్తే చాలాచోట్ల హై రిస్క్ అంటారు, సరే. ఆ 45 ఎక్కడినుంచి వచ్చిందన్నదే మనకు పనికొచ్చేది. సెలైన్ వల్ల 20 వచ్చిందనుకోండి, రాత్రికి ఆ డ్రిప్ అవసరమేనా అని అడగవచ్చు. తన వల్ల కాదని తెలియక లేచేస్తారని 15 పడితే, ఆ మంచం నర్సింగ్ స్టేషన్‌కు దగ్గరగా మార్పించండి. ఉన్నట్టుండి రాత్రి తికమక మొదలైందంటే వయసే కదా అని వదలకండి. ఇన్ఫెక్షనో, షుగర్ పడిపోవడమో, ఆక్సిజన్ తగ్గడమో, మూత్రం ఆగిపోవడమో ఉండొచ్చు.

అడిగినవారు:
థ్యాంక్యూ అక్కా. పక్కన బంధువులుంటే వాళ్ళ మీద వదిలేయవచ్చా? పడిపోతే వెంటనే లేపాలా?

జవాబు:
బంధువుల సాయం తీసుకోండి, బాధ్యత మాత్రం మనదే. రోజంతా కూర్చుని అలసిపోయి వాళ్ళూ నిద్రపోతారు. బయటికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళమనండి.

పడిన మనిషిని వెంటనే లేపవద్దు. అక్కడే ఉండి సాయానికి పిలవండి. స్పృహ, తల, మెడ, తుంటి చూడండి. ఒక కాలు పొట్టిగా కనబడి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగిందేమో అనుకుని కదపకుండా ఉంచాలి. బీపీ, పల్స్, షుగర్ చూసి డాక్టర్‌ను పిలవండి. రక్తం పలచబడే మందులు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆ మాట ముందే చెప్పండి. లోపల రక్తస్రావం గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.

పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు హ్యాండోవర్‌లో “పడిపోయారు” అని ఊరుకోకండి. ఎందుకు లేచారో, చివరిసారి బాత్రూమ్‌కు ఎప్పుడు తీసుకెళ్ళారో కూడా చెప్పండి.