నాయిన నా పోస్టర్ చూసి "ప్రింటు బట్ట లెక్కుంది" అన్నడు. నా ప్రాసెస్ ఎక్కడ తప్పింది?

పుట్టపాక_బిడ్డ:

నమస్తే అందరికీ. నేను నల్గొండల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న, డిజిటల్ గ్రాఫిక్ డిజైన్ ఒక సబ్జెక్టు. మాది పుట్టపాక. ఇంట్ల గుంట మగ్గం ఉంది. నాయిన చిటికి కడతడు, అంటే రంగు అంటొద్దన్న చోట దారాలకు ముళ్లు వేస్తడు, తర్వాత నేస్తడు. అమ్మ ఆసు పోస్తది, అంటే నేతకు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేస్తది.

ఈ సెమిస్టర్‌కు మేడమ్ ఇచ్చిన ప్రాజెక్టు ఇది: మీ ఊరి చేతి పని ఒకటి తీసుకొని ఏ2 సైజుల పోస్టర్ చెయ్యాలె. దానితోపాటు ప్రాసెస్ ఫైలు ఇయ్యాలె. రఫ్ స్కెచ్‌లు, వద్దనుకున్నవి, ఎందుకు వద్దనుకున్నమో, అన్నీ అందుల ఉండాలె. సగం మార్కులు ఆ ఫైలుకే.

నేను తేలియా రుమాలు తీసుకున్న, నూనె పట్టించిన దారాలకు ముళ్లు కట్టి, రంగులద్ది నేసే మా ఊరి చదరపు బట్ట. వేరేది తీసుకునే ఆలోచనే రాలే. ఒక రాత్రి హాస్టల్ల కూర్చొని, నెట్‌ల దొరికిన రుమాలు ఫోటో ఇలస్ట్రేటర్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌ల పెట్టి, పెన్ టూల్‌తో ఒక మూల మొత్తం గీసిన. దాన్నే రిఫ్లెక్ట్ చేసి నాలుగు దిక్కుల తిప్పిన. ఎరుపు, నలుపు, తెలుపు నింపిన. పైన పెద్దగా "పుట్టపాక తేలియా" అని రాసిన. నాలుగు గంటల్ల అయిపోయింది. మస్తు సంతోషమైంది.

తర్వాత ఫైలు నింపాలె కదా అని పన్నెండు స్కెచ్‌లు గీసిన, పోస్టర్ చూసుకుంట. మేడమ్ రెండు పేజీలు తిప్పి, "ఇవి పోస్టర్ అయినంక గీసినవే కదా" అన్నది. అబద్ధం చెప్పలేకపోయిన. ఆమె కోప్పడలే, ఇంకో మూడు వారాలు టైం ఇచ్చింది.

ఆదివారం ఊరికి పోయి నాయినకు ఫోన్ల చూపిచ్చిన. వేళ్లతో పెద్దగ చేసి చానాసేపు చూసిండు. "ప్రింటు బట్ట లెక్కుంది బిడ్డా" అన్నడు, మళ్ల మగ్గం గుంటల దిగిండు. చేనేత ఇండ్లల్ల పుట్టినోళ్లకు ఆ మాట ఎంత బరువో తెలుసు. మా డిజైన్లే ప్రింటు కొట్టి తక్కువ ధరకు అమ్మితే, మా ఇంట్ల ఆర్డరు ఆగుతది. అదే పని నేను కంప్యూటర్ల చేసిన్నా అనిపించింది.

లెక్కకు నా గీతలన్నీ సరిగ్గనే ఉన్నయి. మరి ఏం తప్పింది? ప్రాసెస్ అంటే ముందు స్కెచ్, తర్వాత కంప్యూటర్ అనేనా? మీరెట్ల మొదలుపెడతరు? ఇంకొకటి, ఫోటోషాప్‌ల "పుట్టపాక" అని కొడితే టకు కింద వత్తు రాకుండ రెండు టలు పక్కపక్కన పడుతున్నయి. జర చెప్పండి.

ఫ్లెక్సీ_అన్న_నల్గొండ:

చెల్లె, ముందు చిన్న సమస్య. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌ల టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటది, పాత వర్షన్ అయితే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటది. అది పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరిచి, ఆ అక్షరాలు కొత్తగ టైప్ చెయ్. ఇలస్ట్రేటర్ల అయితే షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్ల వరల్డ్ రెడీ కంపోజర్ తీసుకో.

మా ప్రింటు షాపుల ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే చానా పని నడుస్తది, చెయ్యి అలవాటు పడ్డది. కానీ నువ్వు ఎక్కడ పెట్టినా అక్షరాలు మారని యూనికోడ్‌లనే చెయ్. అనుల కొట్టిన మాటను ఇంకోచోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తయి. హెడ్డింగుకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి బాగుంటయి, రెండూ ఉచితమే. లైనుకు లైనుకు మధ్య జాగా ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతయి. పదహారు సైజు అక్షరానికి నేను ఇరవై నాలుగన్న పెడత.

ప్రింటుకు పంపేటప్పుడు ఫైలు సీఎంవైకేల, అంటే ప్రింటు సిరా నాలుగు రంగుల పద్ధతిల ఉండాలె. స్క్రీన్ మీద మెరిసే ఎరుపు కాగితం మీద మెరవదు, ముందే మార్చుకొని చూస్తే గుండె పగలదు. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే వాడు, నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే అంచులు జరిగి మసక కొడతది. చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కాగితం కోసేటప్పుడు పోయే అదనపు అంచు, మరిచిపోకు.

మీ నాయిన మాట గురించి నేనేం చెప్పలేను. అది ఆయనకే తెలుసు.

గద్వాల_అక్క:

నేను హైదరాబాద్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను, తొమ్మిదేళ్లయింది. మాది గద్వాల. నీ పోస్టు చదివాక పని పక్కన పెట్టి రాస్తున్నాను.

కాలేజీలో నాకూ ఇట్లాంటి ప్రాజెక్టే వచ్చింది. గద్వాల చీర వేశాను. ఒళ్లు నూలు, అంచు పట్టు కదా, ఆ రెండూ కలిసేచోట నేను గ్రేడియంట్ పెట్టి మెత్తగా కలిపేశాను. అందంగానే ఉంది. మా మేనత్త చూసి, "అతుకు ఎక్కడుందే?" అని అడిగింది. మా దగ్గర దాన్ని కుప్పడం అంటారు. నూలు పేకను (అడ్డ దారాన్ని), పట్టు పేకను ఒక్కో వరుసలో చేత్తో ఒకదానితో ఒకటి పెనవేసుకుంటూ పోవాలి. నేతగాళ్ల పనితనమంతా ఆ సన్నటి గీతలోనే ఉంది. నేను చెరిపేసింది సరిగ్గా దాన్నే.

నువ్వు కూడా రుమాలు ఎట్లా కనిపిస్తుందో గీశావు, ఎట్లా తయారవుతుందో చూడలేదు. నెట్ ఫోటో ఎందుకు తల్లీ, మీ ఇంట్లో మగ్గం పెట్టుకొని? స్కెచ్ ముందా కంప్యూటర్ ముందా అన్నది నా దృష్టిలో పెద్ద సంగతి కాదు. నేను చాలాసార్లు నేరుగా స్క్రీన్ మీదే మొదలుపెడతాను. కానీ ఏదో ఒకటి తెలుసుకోవడానికి మొదలుపెడతాను. నీకు మొదటి రాత్రే జవాబు దొరికిపోయింది, అందుకే స్కెచ్‌లకు పని లేకుండా పోయింది.

ఒక ఆదివారం మొత్తం మీ నాయిన పక్కన నోట్‌బుక్ పట్టుకొని కూర్చో. రుమాలు బొమ్మ మాత్రం గీయకు. ఆయన ఏది ముందు చేస్తాడు, ఏది తర్వాత, ఎక్కడ ఆగి ఆలోచిస్తాడు, అది రాయి. అదే వరుసలో కంప్యూటర్‌లో చేసి చూడు. ఏం వస్తుందో నాకు తెలియదు. వచ్చింది మాత్రం ఇక్కడ పెట్టు.

పుట్టపాక_బిడ్డ:

అక్కా, అన్నా, పన్నెండు రోజులైంది, ఆలస్యానికి ఏమనుకోకండి. వత్తులు సరిగ్గ పడ్డయి అన్నా.

నేను ఆదివారం ఒక్కటే కాదు, శనివారం కూడా కూర్చున్న. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే, కానీ రాస్తుంటే కొత్తగ అనిపించింది. నాయిన ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతడు. మా కంప్యూటర్ల పిక్సెళ్లు ఎట్లనో అట్లనే. పడుగు (నిలువు) దారాలు చాపి, బొగ్గుతో గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరుతో ముళ్లు వేస్తడు. తెల్లగ ఉండాల్సిన చోట ముందు కడతడు. అప్పుడు ఎరుపుల ముంచుతడు. ఎర్రగ ఉండాల్సిన చోట మళ్ల కడతడు. ఆఖరుకు నలుపు. అంటే రంగు ఎక్కడ వెయ్యాలె అని ఆయన ఆలోచించడు, ఎక్కడ వద్దు అనే ఆలోచిస్తడు. అది రాసుకున్నప్పుడు నాకు లేయర్ మాస్క్ గుర్తొచ్చింది, బొమ్మల కొంత భాగాన్ని కప్పిపెట్టే టూల్. ముడి అంటే మాస్కే.

అమ్మ పక్క కూడా రాసిన. పేకకు ఆసు ఆమె పోస్తది, అర్ధచక్రం లెక్క ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుకుంట. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరుగుతది. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ కష్టం చూసే ఆసు మిషన్ తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ కూడా వచ్చింది. మా ఇంట్ల మాత్రం ఇంకా చేత్తోనే. అమ్మ చెయ్యి లెక్కపెడుతుంటే, "ఇది కూడా పరీక్షల అడుగుతరా" అన్నది.

ఇగ కంప్యూటర్ల ఏం చేసిన్నో చెప్త. నలభై గళ్లు అడ్డం, నలభై నిలువు. ఒక్కో గడిల ఎనిమిది సన్న గీతలు. నిలువు గీతలు పడుగు, అడ్డ గీతలు పేక, రెండు వేరే లేయర్లు. నాయిన వరుసల్నే మాస్కులు పెట్టిన: తెలుపు కట్టి ఎరుపు, ఎరుపు కట్టి నలుపు.

మొదట పేక లేయరుకు మల్టిప్లై పెట్టిన, అంటే పై రంగు కింది రంగుతోటి కలిసి ముదురయ్యే పద్ధతి. రాలే. తెల్ల పడుగు మీద ఎర్ర పేక పడితే నిండు ఎరుపు వచ్చింది. బట్ట మీద అట్ల ఉండదు, రెండు దారాలు పక్కపక్కన ఉంటయి కాబట్టి లేత ఎరుపు కనిపియ్యాలె. రెండు రోజులు అక్కడనే ఆగిన. ఆఖరుకు మల్టిప్లై తీసి, పేకను మామూలుగనే ఉంచి ఒపాసిటీ 50 చేసిన, అంటే కింది రంగు సగం కనబడేటట్టు. ఎరుపు మీద ఎరుపు పడ్డ చోట నిండుగ, తెలుపు మీద ఎరుపు పడ్డ చోట లేతగ వచ్చింది. పడుగుల సగం బొమ్మ ఉంది, పేకల సగం ఉంది, రెండూ కలిసినంకనే రుమాలు కనిపించింది. అది స్క్రీన్ మీద చూసినప్పుడు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, నిజంగ.

తర్వాత ఒక్కో గీతను విడిగ జరిపే ట్రాన్స్‌ఫార్మ్ ఈచ్‌ల ర్యాండమ్ టిక్ పెట్టి గీతలను కొంచెం అటిటు జరిపిన. అంచులు ఈకల లెక్క వచ్చినయి. మల్టిప్లై చెడిపోయిన పేజీ కూడా ప్రాసెస్ ఫైల్ల పెట్టిన. నాయిన గ్రాఫ్ కాగితం ఫోటో, బొగ్గు గుర్తుల ఫోటో కూడా. నాయినకు ఇంకా చూపియ్యలే. ముందు మీరు చూసి చెప్పండి.

చేనేత_మాస్టారు:

అమ్మా, నేను నలభై ఏళ్లు మగ్గం మీద ఉన్నవాణ్ని, మాది పోచంపల్లి. నా మనవడు నీ బొమ్మ చూపించాడు. పని బాగా పట్టుకున్నావు. ఒక్క తప్పు చెబుతాను, నొచ్చుకోకు.

ఆ ఈకలాంటి అంచు మేము కావాలని పెట్టేది కాదు. దారం జరగకుండా ఉండాలనే నేతగాడు ప్రాణం పెట్టి చూస్తాడు. ఎంత చూసినా వెంట్రుకంత జరుగుతుంది. నువ్వు ప్రతి గీతనూ దాని ఇష్టం వచ్చినట్టు జరిపావు, అందుకే ఎవరో చేతకాక నేసినట్టుంది. దారాలను విడివిడిగా కట్టం కదా, గుంపుగా కలిపి కడతాం. కాబట్టి ఒక గుంపు మొత్తం కలిసి కొంచెం జరుగుతుంది, అందులో ఒక్కో దారం ఇంకా తక్కువ జరుగుతుంది. అట్లా చేసి చూడు.

ఇంకో మాట. అసలు బట్టకు వెనకా ముందూ ఒకటే తీరుగా ఉంటుంది, ప్రింటు బట్టకు వెనక వెలిసిపోతుంది. కొనేవాళ్లకు ఇది తెలియదు. పోస్టర్ మీద చిన్న అక్షరాలతో ఆ ఒక్క మాట రాస్తే మా అందరికీ మేలు చేసినదానివవుతావు.

పుట్టపాక_బిడ్డ:

మాస్టారూ, దండాలు. మీరు చెప్పినట్టు ఎనిమిది గీతలను ఒక గ్రూపు చేసి, గ్రూపులను రెండు పాయింట్ల లోపు, లోపలి గీతలను అర పాయింటు లోపు జరిపిన. మీరు చెప్పిన తేడా వెంటనే కనిపించింది. ముందుది చూస్తే ఇప్పుడు నాకే నచ్చుత లేదు. రెండూ పక్కపక్కన ఫైల్ల పెడుతున్న. వెనకా ముందూ సంగతి పోస్టర్ కింద మండలిల రాసిన, మేడమ్‌కు కూడా అది నచ్చింది. "పుట్టపాక తేలియా" అనే పెద్ద హెడ్డింగు చిన్నగ చేసి మూలకు పెట్టిన, రుమాలుకు జాగా కావాలె.

నిన్న రాత్రి నాయినకు చూపిచ్చిన. మళ్ల వేళ్లతో పెద్దగ చేసిండు. ఒక మూల దగ్గర ఆగి, "ఇక్కడ ముడి ఒకటి తప్పినవ్" అన్నడు. గ్రాఫ్ తెచ్చి లెక్కపెడితే నిజమే, ఎడమ దిక్కు పదిహేడో గడి. పొద్దున సరిచేసిన.

ఫ్లెక్సీ అన్నా, శనివారం కల్లా మ్యాట్ కాగితం మీద ఏ2 ఒక కాపీ ఇయ్యగలరా? ఫైలు ఎట్ల పంపాలె?

ఫ్లెక్సీ_అన్న_నల్గొండ:

పీడీఎఫ్ పంపు, అక్షరాలు ఔట్‌లైన్ చేసి, అంటే గీతల బొమ్మలుగ మార్చి పంపు. అంత సన్న గీతలు కదా, ముందు ఒక మూల ఏ4ల టెస్టు ప్రింటు తీసి చూద్దాం. శుక్రవారం సాయంత్రం షాపుకు రా, ఎరుపు నీ ముందరనే సరిచేస్త. వచ్చేటప్పుడు ఇంట్ల రుమాలు ఒకటి తీసుకరా, దాని పక్కన పెట్టి చూస్తెనే రంగు తెలుస్తది.