బాప్తిస్మం నాగావళిలోనా, ఆవరణలో కట్టే తొట్టిలోనా?

ప్రశ్న (సంఘ కార్యదర్శి, శ్రీకాకుళం):
పెద్దలందరికీ ప్రభువు నామమున వందనములు. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఒక చిన్న బాప్టిస్టు సంఘానికి నేను కార్యదర్శిని. మా తాతల కాలం నుంచి బాప్తిస్మాలు నాగావళిలోనే జరుగుతున్నాయి. తెల్లవారకముందే గుడి దగ్గర ప్రార్థన చేసుకుని, కీర్తనలు పాడుకుంటూ ఏటికి నడిచి వెళ్ళడం మాకు ఆనవాయితీ. ఇప్పుడు ఎండాకాలంలో ఇసుక మేటల మధ్య మోకాలి లోతు నీరైనా దొరకడం లేదు, దొరికిన చోట మురుగు కలుస్తోంది. వర్షాకాలంలో ఒడిశా కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు ఒక్క రాత్రిలో పొంగుతుంది. క్రిందటిసారి కాపరిగారు ఒక వృద్ధుణ్ణి ముంచి లేపుతుండగా కాళ్ళ కింద ఇసుక జారి ఇద్దరూ పడిపోయారు. పక్కనున్న కుర్రవాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది. అందుకని యౌవనస్థులు గుడి ఆవరణలో తొట్టి కట్టిద్దామంటున్నారు. ప్రభువు యొర్దాను నదిలో దిగాడు గాని సిమెంటు తొట్టిలో దిగలేదని పెద్దలు పట్టుబట్టారు. మాటలు ముదిరి రెండు కుటుంబాలు ఆరాధనకు రావడం మానేశాయి. మీ సంఘాలలో ఏం చేశారు?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం):
యొర్దాను మాట ఎత్తే పెద్దలకు యోహాను సువార్త మూడవ అధ్యాయం చూపించండి. బాప్తిస్మమిచ్చు యోహానే సలీము దగ్గర ఐనోనుకు వెళ్ళాడు, కారణం అక్కడ నీళ్ళు విస్తారంగా ఉండడమే. ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకునికి గాజా దారిలో కనబడిన నీళ్ళలోనే ఇచ్చాడు. ఆది సంఘపు రచనయైన 'పన్నెండుగురు అపొస్తలుల బోధ' ఇంకా స్పష్టంగా చెబుతుంది: పారే నీరు మేలు, అది లేకపోతే వేరే నీరు, చల్లనిది కుదరకపోతే వెచ్చనిది, ఏదీ చాలినంత లేకపోతే తలమీద మూడుసార్లు పోయడం. అంటే ఈ తగవు మనతో మొదలైనది కాదు. మన బాప్టిస్టుల చరిత్రలోనే 1609 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి బాప్టిస్టు నాయకుడు జాన్ స్మిత్ ఇచ్చినది నీళ్ళు పోసే బాప్తిస్మం. ముంచడమే సరియైన విధానమని లండన్ సంఘాలు రాసుకున్నది 1644 నాటి విశ్వాస ప్రకటనలో. ముంచడం మన సిద్ధాంతం, ఏరు మన అలవాటు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టినందువల్లే మీ దగ్గర ఇంత రగడ.

జవాబు (పాలకొండ ప్రాంతపు విశ్వాసి):
మాస్టారూ, వాక్యానికి నేను ఎదురు చెప్పను. కాని అలవాటు అనేసినంత తేలికగా అది పోదండీ. 1971లో నాకు పదిహేడేళ్ళప్పుడు నాగావళిలోనే బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలోంచి వచ్చాక సంఘపు పెద్దమ్మలు నలుగురు చీరలు అడ్డుపట్టి నాచేత బట్టలు మార్పించారు. గట్టుమీద మా మేనమామ సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన విశ్వాసి కాదు, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. వారం తరువాత ఇంటికి వచ్చి, "నీళ్ళలో నిలబడి ఏమని ఒప్పుకున్నావమ్మా?" అని అడిగాడు. గుడిలో తలుపులు మూసి ముంచి ఉంటే ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. మా కాలంలో బాప్తిస్మమంటే ఊరి ఎదుట ఒప్పుకోవడం. మోకాళ్ళ నొప్పులతో ఈనాడు నేను ఏటిలో దిగలేనన్నది కూడా నిజమే.

జవాబు (కతోలిక విశ్వాసి, శ్రీకాకుళం):
మా దగ్గర నీళ్ళు పోయడమే కనుక మీ తగవులో నాకు పాలు లేదు. అయినా ఒక సంగతి. 1962-65లో మా బిషప్పులంతా కూడిన వాటికన్ మహాసభ తరువాత లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వచ్చినప్పుడు అందరూ సంతోషించారనుకుంటాం. మా తాతగారికి అర్థం తెలియకపోయినా లాటిన్ జవాబులన్నీ కంఠస్థం. తెలుగు పూజకు పుస్తకం చూసి చదవవలసి వచ్చిందని ఆయన చాలాకాలం చిన్నబుచ్చుకున్నారు. మీ పెద్దల పట్టుదలలో ఆ బాధ కూడా ఉందేమో, వాక్యంతో ఓడించే ముందు ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పాలకొండ అమ్మగారి మాట నిన్న పెద్దల ముందు చదివాను. తొట్టిని ప్రసంగ వేదిక వెనుక కాకుండా వీధివైపు, ప్రహరీ తగ్గించి కడితే ఆలోచిస్తామని ఒకరు అన్నారు; మిగిలినవారు ఇంకా పలకలేదు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం):
కడితే మనిషిని వెనక్కి వాల్చడానికి ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు ఉంచండి. మూడున్నర అడుగుల నీటికి సుమారు 4,000 లీటర్లు పడుతుంది. మెట్లకు రెండు వైపులా కమ్మీ తప్పక పెట్టించండి. మా దగ్గర ముందు పెట్టించలేదు, పాచి పట్టిన మెట్టుమీద మొదట జారినవాణ్ణి నేనే.