సమస్యాపూరణం: చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులోని పాదం. ఈ పాదంతో ముగిసేలా పైన మూడు పాదాలు అల్లి అర్థం పొసగించడమే పూరణ.

చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

వెన్నెల చల్లనిదన్న కవిసమయానికి, అంటే కవులు అలవాటుగా చెప్పే మాటకు, చెమట ఎలా పొసగుతుందన్నదే చిక్కు. విరహిణికి వెన్నెల నిప్పులు చెరుగుతుందని చెప్పి తప్పించుకొనే పాత దారిని ఈసారి మూసివేస్తున్నాను. భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చే రోజుల వాతావరణమే ఈ ముడిని విప్పాలి. నన్నయ రచన అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిందన్న ప్రతీతి వల్ల కాబోలు, శరత్తు అనగానే మనవారి కలం నిర్మలమైన ఆకాశాన్నీ నక్షత్రాలనూ తప్ప మరొకటి చూడదు. కోస్తాలో హస్త, చిత్త కార్తెల రాత్రులు గడిపినవారికి మాత్రం అదే ఆకాశం కింద తడిసిన దిండు కూడా తెలుసు.

కాకినాడ సభ్యురాలు:

తడిసి యారని నేలలో దాగియున్న
యావిరెగయంగ నాకైన నాడకుండ
కడలి గాలియు నిద్రించె గదలకుండ
చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

నిర్వాహకుడు: ఉక్కపోతకు కారణాన్ని పద్యంలోనే చెప్పిన పూరణ ఇది. భారత వాతావరణ శాఖ 2020లో సవరించిన సాధారణ తేదీల ప్రకారం నైరుతి రుతుపవనాలు పశ్చిమ రాజస్థాన్ నుంచి సెప్టెంబరు 17న వెనుదిరగడం మొదలుపెట్టి అక్టోబరు 15 నాటికి దేశమంతటి నుంచీ వైదొలగుతాయి. ఈశాన్య గాలులు కుదురుకొనే దాకా మన తీరంలో గాలి బలహీనపడుతుంది, మబ్బు విడిచిన ఎండ పగలంతా తడి నేలను కాస్తుంది, గాలిలో తేమ నిండి ఉండటం వల్ల ఒంటి మీది చెమట ఆరదు. ఎండ తీవ్రం కాకపోయినా రాత్రి ఊపిరాడనట్లు ఉండటానికి కారణం ఈ తేమే. ‘తడిసి యారని నేల’ అన్న మూడు మాటలలో ఇదంతా ఇమిడిపోయింది.

అయితే రెండు లోపాలున్నాయి. ‘ఆవిరి’ ఏమ్యాదులలో (‘ఏమి’ మొదలైన మాటలలో) చేరదు కనుక ‘ఎగయంగ’తో ఇత్వసంధి, అంటే చివరి ఇకారం పోయి కలవడం, కుదరదు; ‘ఆవిరి యెగయంగ’ అంటే గణం (గురులఘువుల కూర్పు) చెడుతుంది. పైగా రెండు పాదాలూ ‘కుండ’తోనే ముగిశాయి. రెండవ పాదాన్ని ‘యావిరులు లేచె నాకైన నాడలేదు’ అని మారిస్తే రెండు దోషాలూ ఒకేసారి పోతాయి.

తణుకు సభ్యుడు:

శరదమందున గాలియు గరువు కాగ
పల్లె యంతయు నరుగుపై పవ్వళింప
నులక మంచాన దొర్లిన నూఱు మార్లు
చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

కాకినాడ సభ్యురాలు: మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ నియమిత స్థానంలోని అక్షరానికీ పొత్తు) తప్పినట్లుంది కదండీ, శకారానికి గకారం ఎలా చెల్లుతుంది?

నిర్వాహకుడు: అక్షరయతి లేదన్న మాట నిజమే, కానీ తేటగీతి ఉపజాతి పద్యం కనుక ప్రాసయతి, అంటే ఆ చోట్ల రెండవ అక్షరాలు కలవడం, చెల్లుతుందండీ. ‘శర’, ‘గరు’ అన్నచోట్ల రెండవ అక్షరం రేఫ (ర), దాని ముందున్నవి రెండూ లఘువులు. నాకు అభ్యంతరం మరొకచోట ఉంది: ఊరంతా అరుగుల మీద పవ్వళిస్తే నులక మంచం ఎవరిది?

వరంగల్ సభ్యురాలు:

తంగెడును గునుగును పేర్చి తరుణులెల్ల
చుట్టు దిరుగుచు జప్పట్లు సొంపుగాను
చఱచి యాడిరి పాటలు సాగుచుండ
చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

నిర్వాహకుడు: తంగేడు, గునుగు పూలతోనే ఋతువు తెలిసిపోయింది. ‘సొంపుగాను’ యతి కోసం వచ్చిన పూరకం. ఇంకొక మాట: బతుకమ్మ పెద్దల అమావాస్య నాడు మొదలవుతుంది కనుక మొదటి రాత్రులలో వెన్నెల ఉండదు, చివరిదైన సద్దుల బతుకమ్మ అష్టమి నాటిది కనుక ఆనాటి సగం చంద్రుడు అర్ధరాత్రి దాకా ఉంటాడు. సద్దుల పేరు పద్యంలో ఎక్కడైనా వినిపిస్తే ఈ సందేహమే రాదు. చెమటకు ఆటను కారణం చేయడం వల్ల వాతావరణం మాత్రం పక్కకు జరిగింది.

విశాఖపట్నం సభ్యుడు:

పెనుతుపానున విరిగెను పెక్కు చెట్లు
తీగ తెగిపోయి పంకాలు తిరుగలేదు
విసనకఱ్ఱను మేడపై విసురుకొన్న
చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని దాటిన తరువాతి రాత్రులివి. రోజుల తరబడి కరెంటు లేదు.

నిర్వాహకుడు: పేరు చెప్పకపోయినా మూడవ పాదానికి వచ్చేసరికి తెలిసిపోతుంది. ఆ ఏడాది ఆశ్వయుజ పున్నమి అక్టోబరు 8న వెళ్లింది కనుక తుపాను తరువాత చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయించాడు. పొద్దుపోయేదాకా మేడ మీద మేలుకొని ఉన్నవారికే దక్కిన వెన్నెల అది. యతులన్నీ సహజంగా పడ్డాయి, ‘పంకాలు’ అన్న మాట తేటగీతిలో ఎబ్బెట్టుగా లేదు.

అవనిగడ్డ సభ్యుడు:

వరదగుడి గట్టె జాబిల్లి, వరికి బొట్ట
వచ్చు నదనని రైతుకు భయము గలిగి
తూర్పు దిక్కున గడలిని దొంగి చూడ
చెమట పట్టెను వెన్నెల చిందు వేళ

నిర్వాహకుడు: ఇక్కడ చెమటకు కారణం ఉక్క ఒక్కటే కాదు. ఎత్తున పరచుకొన్న పలుచని మేఘాలలోని మంచు స్ఫటికాల గుండా వెలుగు వంగినప్పుడు చంద్రుని చుట్టూ వరదగుడి అనే వెలుగు వలయం ఏర్పడుతుంది. దూరాన ఉన్న తుపాను నుంచి అటువంటి మేఘాలు ముందుగా వ్యాపించడం కద్దు, ప్రతి గుడీ తుపానుకు గుర్తు కాకపోయినా. పొట్ట మీద ఉన్న వరికి గాలివాన ఎంత చేటో డెల్టావారికి చెప్పనక్కరలేదు. ‘వచ్చు నదనని’ అన్నదాన్ని ‘వచ్చు అదను అని’ అని విడదీసుకొని చదవవలసి వస్తోంది. మూడవ పాదంలో ‘మబ్బుకై తొంగి చూడ’ అంటే మేలు, పొలంలో నిలుచున్న రైతుకు కడలి కనిపించదు కదా.

అవనిగడ్డ సభ్యుడు: మాది దివిసీమ, అయ్యా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత మావాళ్లు మబ్బును నమ్మడం మానేశారు. అనుమానం వస్తే కరకట్ట ఎక్కి సముద్రం వైపే చూస్తారు. ఆ పాదాన్ని అలాగే ఉంచమని నా మనవి.

నిర్వాహకుడు: అలాగే ఉంచుదాం. నా సవరణను ఉపసంహరించుకొంటున్నాను. ఈ వారానికి మొదటి స్థానం ఈ పూరణదే; సవరించిన కాకినాడ పద్యం దీనికి చాలా దగ్గరగా వచ్చింది.