గంజాయి తప్పేమీ కాదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నా దగ్గర జవాబు లేదు

కురిడీకాయ (అంబాజీపేట) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. అంబాజీపేట పక్క పల్లె మాది. కొబ్బరి వ్యాపారం. నా చదువు పదో తరగతితో ఆగింది కాబట్టి నాకు అర్థమయ్యేలా చెప్పండి.

మా ఒక్కగానొక్క కొడుక్కి పందొమ్మిదేళ్ళు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. పండక్కి వచ్చాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి తిరిగి వచ్చాక, బండి తాళం కోసం వాడి సంచిలో చెయ్యి పెడితే జామెట్రీ పెట్టె తగిలింది. ఇంజనీరింగ్ చదివేవాడికి ఇంకా జామెట్రీ పెట్టె ఎందుకా అని తెరిచాను. కాగితంలో చుట్టిన ఎండు పూత కనిపించింది. వాసన చూడగానే తెలిసిపోయింది. చిన్నప్పుడు కోటిపల్లి శివరాత్రికి వచ్చే బైరాగుల చిలుం దగ్గర పీల్చిన వాసన అది.

"ఇది ఏమిటిరా?" అని అడిగాను. వాడు దాచలేదు. దాచి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదేమో. కూర్చోబెట్టి నాకే పాఠం చెప్పాడు. కాశీలో లైసెన్సు దుకాణంలోనే భంగు అమ్ముతారట. కెనడాలో 2018 నుంచి గంజాయి నేరం కాదట. జర్మనీలో 2024 నుంచి పెద్దవాళ్ళు ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చట. "నువ్వు ఆదివారం కల్లు తాగుతావు. సారాయి వల్ల మన ఊళ్ళో ఎంతమంది పోయారో నీకే తెలుసు. గంజాయి తాగి చచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. నాకు ఎవరూ తెలియదు మరి.

దీనివల్ల మెదడు నిజంగా పాడవుతుందా, లేక పెద్దవాళ్ళు భయపెట్టడానికి చెప్పే మాటా? అన్ని దేశాలు ఒప్పుకుంటుంటే మన దగ్గర ఎందుకు నేరం? అన్నిటికంటే ముఖ్యం, వీణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకువెళితే పోలీసు కేసు అవుతుందా? ఈ చివరిదానికి భయపడి నాలుగు రోజులుగా ఇంట్లో వాళ్ళమ్మకు కూడా చెప్పలేదు.

ఉప్పుటేరు:

రెండు తగిలించండి, కెనడా, జర్మనీ రెండూ మరచిపోతాడు. మా నాన్న అయితే కొబ్బరిమట్టతోనే మాట్లాడేవారు.

కురిడీకాయ:

మట్టలకు మా ఇంట్లో కొదవేమీ లేదండి. ఎనిమిదో తరగతిలో సిగరెట్ కోసం కొట్టాను. మానలేదు, దాచడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తు.

రాత్రిడ్యూటీ (కాకినాడ):

అన్నయ్య గారూ, మానసిక రోగుల వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. డాక్టరును కాను. చూసింది, చదివింది చెబుతాను.

మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. గంజాయిలో మత్తు ఇచ్చే పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు. ఇజ్రాయెల్‌లో మెషులం, గావోనీ అనే శాస్త్రవేత్తలు 1964లో దాన్ని విడదీసి చూపించారు. అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో 1988లో తెలిసింది. అక్కడ అతుక్కునే పదార్థాన్ని మన ఒళ్ళే తయారు చేసుకుంటుందని 1992లో బయటపడింది. దానికి పెట్టిన పేరు ఆనందమైడ్. మన సంస్కృతం 'ఆనందం' నుంచే తీసుకున్నారు. ఆకలి, నిద్ర, భయం, జ్ఞాపకం వీటిని సర్దే పనిలో దానికి చెయ్యి ఉంది. కావలసిన చోట, కావలసినంత పుడుతుంది, పని కాగానే కరిగిపోతుంది.

కాలవ కింద వ్యవసాయం తెలిసినవారు కాబట్టి ఇలా చెబుతాను. దాళ్వాలో నీళ్ళకు వంతులు వేస్తారు కదా. ఒక వంతుకు కొన్ని తూములే ఎత్తాలి. గంజాయి పొగ వచ్చి అన్ని తూములూ ఒక్కసారే ఎత్తేసి గంటల తరబడి వదిలేస్తుంది. ఆ పూట జ్ఞాపకం జారిపోవడం, పది నిమిషాలు గంటలా తోచడం అందువల్లే. ముప్పై ఏళ్ళవాడు ఎప్పుడో ఒకసారి తాగితే నీళ్ళు దిగిపోయాక చేను చేనులాగే ఉంటుంది. పందొమ్మిదేళ్ళవాడి సంగతి అలా కాదు. వాడి మెదడులో గట్లు ఇంకా వేస్తూనే ఉన్నారు. ముందూ వెనకా చూసి నిర్ణయం తీసుకునే నుదుటి వైపు భాగం కుదురుకోవడానికి ఇరవై అయిదేళ్ళు పడుతుంది.

నిపుణులకే పడనిది ఒకటుంది, అదీ దాచను. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పెద్దయ్యేవరకూ పరీక్షిస్తూ వచ్చారు. టీనేజీలో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి మానకుండా తాగినవారి ఐక్యూ 38 ఏళ్ళు వచ్చేసరికి సగటున 8 పాయింట్లు తగ్గిందని 2012లో ప్రకటించారు. ఐక్యూ అంటే తెలివితేటల కొలత. పెద్దయ్యాక మొదలుపెట్టినవారిలో అంత తగ్గుదల లేదు. అయితే 2016లో అమెరికాలో కవలల మీద చేసిన అధ్యయనంలో, తాగిన తోబుట్టువుకూ తాగనివాడికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తప్పు గంజాయిది కాదు, ఇంటి పరిస్థితులది కావచ్చని వారి వాదన. మీవాడు ఈ రెండోది చదివి ఉంటే మీతో వాదించగలడు.

మతిభ్రమ విషయంలో మాత్రం వాదించడం కష్టం. లేని గొంతులు వినపడటం, అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని అనిపించడం లాంటివి. యూరప్‌లో, బ్రెజిల్‌లో చేసిన పరిశీలన 2019లో వచ్చింది. అసలు తాగనివారితో పోలిస్తే రోజూ తాగేవారికి ఈ ప్రమాదం మూడు రెట్లు, ఘాటైన సరుకు రోజూ తాగేవారికి దాదాపు అయిదు రెట్లు. రోజూ తాగినా చాలామందికి ఇది రాదు, నిజమే. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మా వార్డుకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు అందరూ ఒకే మాట అంటారు, "మావాడు చాలా తెలివైనవాడండి" అని.

మీరు వాడితో కెనడా గురించి మాట్లాడకండి. ఎన్నో ఏట మొదలుపెట్టాడు, వారానికి ఎన్ని రోజులు, ఒంటరిగా తాగుతాడా, అది తాగకపోతే నిద్ర పడుతుందా, ఇవి అడగండి. ఇంకొకటి మీరే చెప్పాలి. మీ వైపు గానీ వదినగారి వైపు గానీ మతిస్థిమితం తప్పినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే లెక్క మారిపోతుంది. 14416కు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

నల్లకోటు (అమలాపురం):

మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న నుంచి మొదలుపెడతాను. డాక్టరు దగ్గరకు వెళితే కేసు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యం. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్ళి పూర్తి చేస్తే, సేవించినందుకు గానీ కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకు గానీ విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇంత మంచి సెక్షన్ సంగతి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో ఒక్కరికీ ముందుగా తెలియదు.

కాశీ మాట. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. భంగు ఆకుతో చేస్తారు కాబట్టి దాని సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి. మీ జామెట్రీ పెట్టెలో దొరికింది పూత. కాశీ దుకాణం దానికి అడ్డురాదు.

ఎందుకు నేరం అన్నారు. ఎప్పుడూ ఇలాగే లేదు. తెల్లవారి హయాంలో 1893-94లో ఒక కమిషన్ దేశమంతా తిరిగి, మితంగా వాడితే పెద్ద హాని కనపడలేదని, పూర్తిగా నిషేధించనవసరం లేదని రాసింది. లైసెన్సు దుకాణాలు చాలాకాలం నడిచాయి. 1961లో ప్రపంచ దేశాల ఒప్పందం, దాని వెనుక 1985 చట్టం వచ్చాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘంలో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి తీసేటప్పుడు మన దేశం అనుకూలంగానే ఓటు వేసింది. ఇక్కడ చట్టం మాత్రం కదలలేదు. నన్ను అడిగితే జేబులో పది గ్రాములున్న కుర్రవాణ్ణి జైలుకు పంపడం దండగ. పోర్చుగల్ 2001 నుంచి అలాంటివారిని కోర్టుకు కాకుండా సలహా మండలికి పంపుతోంది. కానీ నా అభిప్రాయం న్యాయమూర్తి ముందు చెల్లదు కదా. కిలో లోపు అయితే ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, రెండూ పడవచ్చు. కిలో దాటితే పదేళ్ళ వరకు. ఇరవై కిలోల పైన అయితే పదేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ వరకు, బెయిలు దొరకడం గగనం.

మావాడికి ఇరవై కిలోలతో ఏం పని అంటారు. నా కక్షిదారు ఒకడు మీవాడి ఈడువాడే. తాగడానికి డబ్బులు చాలక, ఒక సంచి చింతపల్లి వైపు నుంచి రాజమండ్రి స్టేషన్‌కు చేరిస్తే అయిదు వేలు ఇస్తామంటే ఒప్పుకున్నాడు. సంచిలో ఇరవై రెండు కిలోలు తూగింది. వాళ్ళమ్మ ప్రతి వాయిదాకూ డబ్బాలో పులిహోర తెస్తుంది, వాడికి ఇవ్వనివ్వరని తెలిసినా. సరుకు కోసం వీడు ఎవరి దగ్గరకు వెళుతున్నాడో, ఎవరికి బాకీ ఉన్నాడో ముందు కనుక్కోండి.

ఏరేటర్ (భీమవరం దగ్గర):

నాలుగేళ్ళు తాగి మానేసినవాణ్ణి. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా నాది. చట్టం మారాలనే నా అభిప్రాయం, ఇప్పటికీ. అందుకే మీ అబ్బాయికి నా మాట వినపడుతుందేమో.

చావడం గురించి అతను అన్నది దాదాపు నిజం. సారాయి చంపినట్టు ఇది చంపదు. కానీ చెరువు మీద ఏం జరిగిందో చెబుతాను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోతే నిమిషాల మీద జనరేటరు వెయ్యాలి. ఆ రాత్రి మూడు గంటలకు కరెంటు పోయింది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిన నిశ్శబ్దం నాకు వినపడింది, బాగుందనిపించింది. ఇప్పుడే లేస్తాను అనుకుంటూ కూర్చున్నాను. నా లెక్కలో అయిదు నిమిషాలు. లేచేసరికి కొంగలు వాలి ఉన్నాయి, రొయ్య గట్టు వెంబడి తేలి ఉంది. ఆసామి నన్ను ఒక్క మాట అనలేదు. కరెంటువాళ్ళను తిట్టాడు. అతనికి నిజం ఈ రోజుకీ తెలియదు.

ఇది అలవాటుగా మారదని అతను అనవచ్చు, నేనూ అన్నాను. మానిన మొదటి రెండు వారాలు నిద్ర లేదు, చెమటలు, అన్నం సయించలేదు, మా అక్క పలకరించినా చిరాకు. మూడో వారంలో కలలు తిరిగి వచ్చాయి, భయంకరమైన కలలు. తర్వాత తేలికయింది. అతనికి ఇవి ముందే చెప్పండి, లేకపోతే నాలాగే మూడుసార్లు మధ్యలో వెనక్కి పోతాడు.

దేశాల పేర్లు చెబుతున్నాడు కదా, వయసు కూడా చెప్పమనండి. అమెరికాలో అనుమతించిన రాష్ట్రాల్లో ఇరవై ఒకటి నిండాలి. కెనడాలో క్విబెక్‌లోనూ అంతే. అక్కడి దుకాణానికి వెళితే ఇతన్ని గుమ్మంలోంచే పంపేస్తారు. అక్కడ పొట్లం మీద ఎంత ఘాటో అచ్చువేసి ఉంటుంది. మనకు దొరికే కాగితం పొట్లంలో ఏమి కలిసిందో ఇచ్చేవాడికీ తెలియదు.

కురిడీకాయ:

పన్నెండు రోజులు పట్టింది రాయడానికి, క్షమించండి. అందరూ చెప్పింది మూడుసార్లు చదివాను. ఏరేటర్ గారి మాటలు మావాడికి నేనే ఫోనులో చూపించాను. చదివి, "ఈయన అబద్ధం చెప్పడం లేదు నాన్నా" అన్నాడు. అంతవరకే.

నర్సమ్మ గారు అడిగినదానికి నేను మొదటే జవాబు చెప్పవలసింది. మా తమ్ముడొకడు ఉండేవాడు. గోడతో మాట్లాడేవాడు. గాలి సోకిందని మా నాన్న ఎన్నో చోట్ల తిప్పారు, ఆసుపత్రికి మాత్రం తీసుకువెళ్ళలేదు. కాలవలో పడి పోయాడు. మా పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తం. మావాడికి వాళ్ళ బాబాయి జ్వరం వచ్చి పోయాడనే తెలుసు.

మొన్న డాక్టరు దగ్గరకు వెళుతూ కాకినాడ బస్సులో చెప్పాను. ఎదుర్లంక వంతెన ఎక్కేముందు వాడు మామూలుగానే ఉన్నాడు. "వంతెన దాటి యానాంలో దిగితే మందు రేటు మారిపోతుంది, చట్టాలంటే ఇంతేగా" అని నవ్వాడు. నాకు వాదించాలనిపించలేదు. తమ్ముడి సంగతి చెప్పాను. వాడు చాలాసేపు గోదావరి వైపు చూసి, "బాబాయికి ఎన్నో ఏట అలా మొదలయింది?" అని అడిగాడు.

ఇరవై నిండలేదు అన్నాను. తమ్ముడు గంజాయి ముట్టలేదని, చుట్ట కూడా తెలియదని కూడా చెప్పాను. చెప్పకపోతే అబద్ధమవుతుంది.

డాక్టరు గారు నన్ను బయట కూర్చోబెట్టి వాడితో ముప్పావుగంట మాట్లాడారు. వాడు పదిహేడో ఏట మొదలుపెట్టాడట, ఈ మధ్య వారంలో నాలుగైదు రోజులట. మా అటక మీద కురిడీ కాయలు వాడి కంటే ఎక్కువ కాలం నా కళ్ళ ముందు ఉంటున్నాయి, ఏ కాయ మోగుతుందో ఏది మోగదో చెప్పగలను. ఇది మాత్రం తెలుసుకోలేకపోయాను. సరుకు ఇచ్చేవాడికి వెయ్యి రూపాయలు బాకీ ఉన్నాడు. అది ఎలా తీర్చాలో నల్లకోటు గారిని విడిగా అడుగుతాను.

వాడు మాని ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రాత్రిళ్ళు నిద్ర లేక మేడ మీద తిరుగుతున్నాడు. వాళ్ళమ్మకు నిన్న చెప్పేశాం. మళ్ళీ శుక్రవారం రమ్మన్నారు.