అప్‌డేట్: వేయిస్తంభాల గుడిల ఖాళీగున్న గర్భగుళ్లు ఎవరివి?

హనుమకొండ వేయిస్తంభాల గుడిల రుద్రేశ్వరుడు కాకుండ మిగిలిన రెండు గర్భగుళ్లల ఏ దేవుళ్లుండె అని అడిగిన కదా, శాసనం చూడుమన్నోళ్లందరికీ మస్తు థాంక్స్ అన్నా. ఈ గుడి కట్టిచ్చిన కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 శాసనంల పేర్లు సాఫ్‌గ ఉన్నయి: రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురూ ఒక్క మండపం చుట్టే! అయితే అండ్ల ఎక్కువ భాగం రాజు గెలిచిన యుద్ధాలే, మైలిగిదేవుడు, చోడోదయుడు అనుకుంట శత్రువుల పేర్లే పోతనే ఉంటది, గుడి ముచ్చట కొంచెమే, అందుకే శాసనం ఒక్కటే పట్టుకొని పాత గుడిని ఊహించలేం, గుడి రాతికట్టడం గూడ చూడాలె. నడుమ రంగమండపం (మూడు గుళ్లకు కలిపి ఉన్న స్తంభాల హాలు), మూడు దిక్కుల మూడు గుళ్లు, ఆ ప్లాన్‌ల మూడు పేర్లు కరెక్ట్‌గ కూసున్నయి. ఇగ రామప్ప గుడిల కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడి 1213 శాసనం చదువుడు మొదలువెట్టిన, దాని మీద డౌట్లు మల్ల అడుగుత.