అబద్ధమని తెలిసినా ఆ నాయకుడి వెంటే ఎందుకు పోతున్నాం?

డిండి_వాగు (దేవరకొండ):
మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. నిండుగా పారే కాలువ, గట్టు పొడవునా కొబ్బరి చెట్లు, వెనక మన దగ్గరి ఒక నాయకుడి గొంతు: "మన మెట్ట పొలాలకు నీళ్లు తెచ్చిన". ఒకచోట మైలురాయి కనపడుతుంది, దాని మీద కన్నడ అక్షరాలు. వీడియో పెట్టిన పెద్దాయనకు అక్కడ ఆపి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, మనది కాదని ఒప్పుకున్నాడు. "అయితేంది బిడ్డా, ఆయన తెస్తనన్న అంటున్నడు. మిగిలినోళ్లు ఆ మాట గూడ అంటలేరు" అన్నాడు. వీడియో మాత్రం తీయలేదు.

ఆయన మోసపోయాడని నేను అనుకోను. తెలిసే ఆ వైపు నిలబడ్డాడు. ఫ్లోరైడ్ నీళ్లతో మర్రిగూడ వైపు కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగిన జిల్లా మనది. "మీకు అన్యాయం జరిగింది" అని ఎవరన్నా మైకులో అంటే ఆ మాట వరకు నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే తర్వాతి అబద్ధం ఇంట్లోకి వస్తుంది. మీరేమంటారు?

క్లాక్‌టవర్_సెంటర్ (నల్లగొండ):
అక్కా, ఇది జనాన్ని వెనకేసుకురావడమే. కష్టం ఉన్నవాడు అబద్ధం నమ్మాల్సిందేనా? 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇదే ఫ్లోరైడ్ బాధ చెప్పడానికి, నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. దేశమంతా మన నీళ్ల గురించి మాట్లాడింది, ఒక్క అబద్ధం కూడా చెప్పకుండానే. బాధ అప్పుడూ ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చింది ఫోను, దాని వెనక జీతం తీసుకుని అబద్ధాలు తయారుచేసేవాళ్లు.

గద్వాల_మనిషి:
ఫోను ఒక్కటే కారణమైతే ఆపడం కష్టమయ్యేది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి గుర్తుందా? ఆ మేలో బీబీనగర్ మండలంలో ఒక మనిషిని కొట్టి చంపారు. మా జిల్లాలోనూ అవే వీడియోలు తిరిగాయి. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే ఊళ్లల్లో పొద్దుగూకగానే తలుపులు వేసుకుంటున్నారని ఒక్కో ఊరి బాధ్యత చూసే పోలీసులే ముందు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వాళ్లనే మళ్లీ ఇంటింటికీ పంపారు. డప్పు కొట్టి, పాటలు కట్టి చెప్పించారు. మా దగ్గర ప్రాణం పోలేదు. తెలిసిన మనిషి గడప ముందు నిలబడి చెప్తే జనం విన్నారు.

డిండి_వాగు:
అన్నా, అది భయం. పుకారు అబద్ధమని తేలితే గుండెల మీది బరువు దిగుతుంది, అందుకే విన్నారు. కాలువ వీడియో ఆశ. అబద్ధమని ఒప్పుకుంటే చేతిలో ఏమీ మిగలదు. పైగా ఆ కానిస్టేబుల్‌కు వాళ్ల ఓటు అక్కర్లేదు. మనం పోయి చెప్తే "నువ్వు ఎవరి మనిషివి?" అని ముందు అడుగుతారు.

పాలమూరు_బిడ్డ (నారాయణపేట):
మా నాయన ముంబయి, పుణె పనులకు పోయినోడు. నాకు తెలిసింది చెప్తా. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటాం. మేస్త్రీ ఏ జెండా పట్టుకుంటే గుంపంతా అదే. బిల్డింగ్ మీది నుంచి పడితే ఆస్పత్రికి మోసేది ఆ గుంపే. ఆ నాయకుడు చెప్పింది అబద్ధమని రాత్రి వంట దగ్గర అందరూ అంటారు, తెల్లారి మీటింగుకు అందరూ పోతారు. నమ్మకం కన్నా గుంపు పెద్దది. బయటికి వచ్చినోడికి పని ఎవరిస్తారు?

క్లాక్‌టవర్_సెంటర్:
తమ్ముడూ, కూలీ సంగతి ఒప్పుకుంటా. మరి నెల జీతం ఉన్న ఇంజనీర్లు, లెక్చరర్ల సంగతి? వాళ్లకు ఏ మేస్త్రీ లేడు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డాన్ కాహన్, ఆయన తోటివాళ్లు 2013లో ఒక పరీక్ష పెట్టారు. ఒకే రకం అంకెల పట్టిక. చర్మానికి రాసే క్రీము గురించి అంటే లెక్కలు బాగా వచ్చినవాళ్లు సరిగ్గా చదివారు. తుపాకీ దాచుకుని తిరగడం మీద నిషేధం గురించి అనగానే ఎవరి పార్టీకి తగ్గట్టు వాళ్లు చదివారు. లెక్కల్లో గట్టివాళ్లలోనే ఆ తేడా ఎక్కువ. చదువు వాళ్లకు వాదించే బలం ఇచ్చింది. ఇలాంటివాళ్లను బాధ, ఆశ అని మనం క్షమించకూడదు.

డిండి_వాగు:
వాళ్లకూ మేస్త్రీలు ఉన్నారు. బంధువుల గ్రూపు, కులం గ్రూపు, కాలనీ గ్రూపు. అందులో ఒక్కసారి "ఇది అబద్ధం" అని రాసి చూడండి, పెళ్లిలో పలకరింపు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. క్షమించమని నేనూ అనను. తిట్టి మార్చిన మనిషిని మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. ఏ డిస్ట్రిబ్యూటరీ (ఉపకాలువ) కింద, ఏ సర్వే నంబర్లకు, ఎప్పటికి నీళ్లిస్తారు అని గ్రామసభలో అడగాలి. అట్లా అడిగితే "అన్యాయం జరిగింది" అన్న మాట మన దగ్గరే ఉంటుంది, జవాబు చెప్పే బాధ్యత ఆ నాయకుడి మీద పడుతుంది.

క్లాక్‌టవర్_సెంటర్:
అడిగినవాణ్ని అవతలి పార్టీవాడని కూర్చోబెడతారు అక్కా. మా దగ్గర అదే జరిగింది.

పాలమూరు_బిడ్డ:
ఒక్కడు అడిగితే అట్లనే అంటారు అన్నా. మేస్త్రీతో కూలి రేటు మాట్లాడేటప్పుడు మాలో ఎవరూ ఒక్కరే ముందుకు పోరు. ముందు రోజే అందరం ఒక మాట అనుకుని, పొద్దున్నే పదిమందిమి కలిసి పోతాం. గ్రామసభకు కూడా అట్లనే పోదాం.