'స్కౌట్' అంటే ఈసడించడం: ఈ మాట వైకింగుల నుంచి వచ్చిందా, గూఢచారి నుంచా?

రవళి: షేక్‌స్పియర్ 'ది టెంపెస్ట్' మూడో అంకంలో స్టెఫానో తాగిన మత్తులో ఒక పాట ఎత్తుకుంటాడు: 'ఫ్లౌట్ ఎమ్ అండ్ స్కౌట్ ఎమ్'. ఫ్లౌట్ అంటే వెక్కిరించడం, అందులో పేచీ లేదు. స్కౌట్ దగ్గరే గొడవంతా. మా కోచింగ్ నోట్సులో 'నిఘా పెట్టండి' అని రాశారు. పెద్ద డిక్షనరీల్లో మాత్రం ఈ క్రియకు గేలి చేయడం, ఈసడించి తోసిపుచ్చడం అనే పాత అర్థాలున్నాయి. నాకేమో రెండూ ఒకే మాట అనిపిస్తోంది. నిఘా పెట్టేవాడు ఎదుటివాణ్ణి నమ్మడు, చులకనగా చూస్తాడు. అక్కడి నుంచే ఈసడింపు అర్థం పుట్టి ఉండొచ్చు కదా? మీరేమంటారు?

భాస్కర్: ఒప్పుకోనండీ. పలకడం ఒకటే, పుట్టుక వేరు. నిఘా స్కౌట్‌కి మూలం వినడం. లాటిన్ ఆస్కుల్తారే పాత ఫ్రెంచిలో ఎస్కూతే అయింది, అది ఇంగ్లీషులోకి స్కౌట్‌గా వచ్చింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వినడాన్ని ఆస్కల్టేషన్ అంటారే, అదీ ఆ లాటిన్ మాట సంతానమే. చెవికి సంబంధించిన ఈ మాటలో చులకన ఎక్కడుంది?

ఈసడింపు స్కౌట్‌ని పండితులు ఎక్కువమంది పాత నార్స్‌తో, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చి దాడులు చేసిన వైకింగుల భాషతో కలుపుతారు. ఆ భాషలో స్కూటా అంటే ఎత్తిపొడుపు. వైకింగులు 866లో ఉత్తర ఇంగ్లండులోని యార్క్ నగరాన్ని పట్టుకున్నారు. ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడి, అక్కడివాళ్లతో కలిసి కాపురాలు చేశారు. ఇంగ్లీషులో 'దే', 'దెమ్' లాంటి సర్వనామాలు కూడా వాళ్లవే. సర్వనామాలే ఇచ్చినవాళ్లు ఒక తిట్టుమాట ఇవ్వరా?

ఇంకో ఆధారం ఆ 'స్క' శబ్దం. పాత ఇంగ్లీషులో 'స్క' కాలక్రమంలో 'ష' అయిపోయింది, నార్స్ మాటల్లో అలాగే నిలిచింది. షర్ట్ ఇంగ్లీషుది, స్కర్ట్ నార్స్‌ది, మూలధాతువు ఒక్కటే. షౌట్, స్కౌట్ కూడా అలాంటి జంటే అయి ఉండొచ్చు. ఒకటి అరుపు, రెండోది అరిచి అవమానించడం.

కిరణ్: భాస్కర్ గారూ, వినడానికి బాగానే ఉంది గానీ తేదీలు చూడండి. గేలి చేయడం అనే అర్థంలో ఈ క్రియ రాతలో కనిపించేది 1600 ప్రాంతంలో. ఇంగ్లండులో నార్స్ మాట్లాడేవాళ్లు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే లేకుండా పోయారు. మధ్యలో ఆ మాట ఎక్కడ తలదాచుకుంది? శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలిపేస్తే ఏ మాటనైనా ఏ భాషకైనా అంటగట్టొచ్చు.

భాస్కర్: జనం నోట్లో ఉంది కిరణ్ గారూ! రాసేవాళ్లు ఎక్కువగా దక్షిణాదివాళ్లు, ఈ మాటలేమో ఉత్తరాదివి. ఇంగ్లండులో అచ్చు మొదలుపెట్టిన కాక్స్టన్ 1490లో ఒక ముందుమాటలో రాసిన సంగతి చెప్తాను. ఓడలో వెళ్తున్న కొందరు వర్తకులు గాలి లేక దక్షిణాదిన ఉన్న కెంట్ తీరంలో ఆగారు. ఒకాయన ఒడ్డునున్న ఇంట్లో 'ఎగ్స్' కావాలని అడిగితే ఆ ఇల్లాలు 'నాకు ఫ్రెంచి రాదు' అంది. ఆయనకు కోపం వచ్చింది, ఫ్రెంచి ఆయనకూ రాదు మరి! పక్కనున్న ఇంకొకాయన 'ఐరెన్' అంటే అప్పుడు అర్థమైంది ఆవిడకు. ఐరెన్ అక్కడి పాత ఇంగ్లీషు మాట, ఎగ్ నార్స్ నుంచి వచ్చింది. గుడ్డు లాంటి రోజూ వాడే మాటే దక్షిణాదికి చేరడానికి అన్ని వందల ఏళ్లు పడితే, ఒక ఎత్తిపొడుపు మాట 1600 దాకా కాగితమెక్కకపోవడంలో వింతేముంది?

కిరణ్: కథ బాగుంది, కానీ పోలిక కుదరదు. ఎగ్ అంతకుముందే ఉత్తరాది రాతల్లో ఉంది. స్కౌట్‌కి అలాంటిది చూపించండి, ఒప్పుకుంటాను. షౌట్‌తో చుట్టరికం కూడా ఊహే, దాని పుట్టుకే ఇంకా తేలలేదు. నార్స్ మూలం 'బహుశా' అనండి, నాకు అభ్యంతరం లేదు. 'కచ్చితంగా' అంటేనే ఒప్పుకోను.

సుజాత: ఫ్లౌట్‌ని వదిలేశారేం? పేచీ లేదన్నారు గానీ దాని పుట్టుక మీదా వాదాలున్నాయి. ఫ్లూట్ ఊదడం అనే పాత మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది అనుకుంటారు. డచ్చి భాషలో ఈలకూ పిల్లనగ్రోవికీ ఒకటే క్రియ, దానికి ముందో ముక్క చేరిస్తే ఈలలేసి వేదిక మీంచి దింపేయడం! మన సినిమా హాల్లో ఈల అంటే మెచ్చుకోలు, అక్కడ అవమానం. ఆ నాటకంలోనే చూడండి, స్టెఫానో పాట అయ్యీ అవగానే అతని తోటి తాగుబోతు కాలిబన్ 'రాగం అది కాదు' అంటాడు. కంటికి కనిపించని ఏరియల్ అనే మాయా ఆత్మ ఆ రాగాన్ని చిన్న డోలు మీద, పిల్లనగ్రోవి మీద వాయిస్తాడు. ఫ్లౌట్ పక్కనే పిల్లనగ్రోవి! షేక్‌స్పియర్ కావాలనే పెట్టాడని నా నమ్మకం.

కిరణ్: నమ్మకం సరే, రుజువు కాదు. చేత్తో డోలు, నోటితో పిల్లనగ్రోవి ఒక్కడే వాయించడం ఆ రోజుల్లో జాతరల్లో మామూలే.

రవళి: ఆ పాటను తెలుగు చేయాలంటే నిఘా వద్దంటారు, సరే. అయితే 'ఈసడించండి' అని రాయనా?

భాస్కర్: వద్దమ్మా. ఈసడించి తోసిపుచ్చడం అనే అర్థం 18వ శతాబ్దం మొదట్లో గానీ కనిపించదు. తర్వాతి నవలల్లో ఎవరైనా ఒక ఆలోచనను 'స్కౌట్' చేశారంటే ఆ అర్థమే. నాటకం 1611 ప్రాంతానిది కాబట్టి 'గేలి చేయండి' అని రాయి. ఆ సీనులో ఆ ముగ్గురు తాగుబోతులూ చేస్తున్నదీ అదే.

కిరణ్: ఇందులో మాత్రం భాస్కర్ గారితో ఏకీభవిస్తున్నాను. నార్స్ సంగతి మళ్లీ తేల్చుకుందాం.